షోకేసులో ఎవరి కప్పు?

ఈసారి షోకేసు గురించి రాస్తున్నాము. నవ్వకండి. ముందు హాల్లో టీవీ పక్కన అద్దాల తలుపుల బీరువా ఒకటి ఉంటుంది కదా, దాని గురించే. తమిళనాడులో స్థిరపడిన మన తెలుగు ఇళ్ళలో అది లేని ఇల్లు తక్కువ. అందులో తంజావూరు తలయాట బొమ్మ, తిరుపతి నుంచి తెచ్చిన చెక్క బొమ్మల జత, ప్లాస్టిక్ కవరు తీయకుండానే పెట్టిన తాజ్‌మహల్ ఉంటాయి. వాటి వెనకాల నల్లబడిన రెండు కప్పులు, ఒక షీల్డు. కప్పులు ఎప్పుడూ వెనకాలే. అవి ముందుకు రావాలి, వాటి కింద ఎవరివో తెలుగులో రాసి ఉండాలి అని మా అభిప్రాయం. ఎందుకో చెబుతాము.

రిటైరైన రైల్వే గుమాస్తాకు ఇంకేం పని, షోకేసు తుడుచుకుంటూ కూర్చుంటాడు అని కొందరు అనుకోవచ్చు. అనుకోనీయండి. ఈ మధ్య మన సభ్యుల పాత ఇళ్ళు ఎన్ని పడగొట్టి ఫ్లాట్లు కట్టారో మీరే లెక్క వేసుకోండి. పడగొట్టే ముందు రోజు పాత సామాన్లవాడు తక్కెడతో వస్తాడు. ఇత్తడి వేరు, కాగితం వేరు, కట్టె వేరు. కప్పు ఇత్తడి కిందికి పోతుంది. సర్టిఫికెట్టు కాగితం కిందికి పోతుంది. హాకీ కర్ర కట్టెల్లో కలుస్తుంది. తాతగారు పాతికేళ్ళు ఆడిన ఆట అరగంటలో మూడు తూకాలుగా వీధి దాటిపోతుంది. తీసుకునేవాడి తప్పు ఏమీ లేదు. ఇది మా తాతది, ఇయ్యను అనడానికి ఇంట్లో ఎవరికైనా సంగతి తెలిసి ఉండాలి కదా.

ఈ మధ్య ఒక గృహప్రవేశానికి పోయి ఉంటిమి. మన సభ్యుల ఇల్లే, ఊరు పేరు వద్దు. పిల్లవాడు మంచి ఉద్యోగంలో ఉన్నాడు, మర్యాద తెలిసినవాడు. ఒక గదిని పూర్తిగా ఆటల గది చేసుకున్నాడు. గోడకు పసుపు జెర్సీ, దాని మీద 7 నంబరు, సంతకం, అద్దం ఫ్రేము, లోపల చిన్న బల్బు వెలుగు. సంతకం అసలుదే అనడానికి కింద ఒక హోలోగ్రాము అంటించి ఉంది. ఇంకో గోడకు స్పెయిన్ ఫుట్‌బాల్ క్లబ్బు కండువా. మూలన ఒక బ్యాటు, దాన్ని ఎవరూ ఆడించలేదు, ఆడించడానికి కొన్నదీ కాదు. చూడ్డానికి బాగానే ఉంది. మేము వాళ్ళ తాతగారిని ఎరుగుదుము. రైల్వే వర్క్‌షాపు హాకీ టీములో ఫుల్‌బ్యాక్ ఆడినాయన. ఆయన కర్ర పాత ఇంట్లో తలుపు మూలన నిలబెట్టి ఉండేది, మెడ దగ్గర తెగిపోతే ట్వైన్ దారం చుట్టి ఉండేది. అది ఎక్కడ నాయనా అని అడిగితిమి. "ఇల్లు మారేటప్పుడు వేసేశాం మామా, పురుగు పట్టింది" అన్నాడు. టీము గ్రూపు ఫోటో మాత్రం అటక మీద ఉందట, పేపరు చుట్టి.

ధోని మీద మాకేం కోపం లేదు. ఆయన మా రైల్వేలోనే, ఖరగ్‌పూర్‌లో టికెట్ తనిఖీ ఉద్యోగం చేసినవాడు. మా డిపార్ట్‌మెంటు మనిషి జెర్సీ గోడకెక్కితే మాకు సంతోషమే. కానీ ఆ జెర్సీ లాంటిదే ఇంకో వెయ్యి ఇళ్ళలో ఉంది. దారం చుట్టిన ఆ కర్ర మటుకు ఒక్క ఇంట్లోనే ఉండేది. డబ్బు పెడితే మళ్ళీ దొరికేదానికి అద్దం, వెలుగు. ఎంత పెట్టినా దొరకనిదానికి అటక. ఈ వరస తిరగబడాలి అంటాము.

వస్తువు దానంతట అది మాట్లాడదు అనేది ఒప్పుకోవాల్సిన మాట. లండన్‌లో లార్డ్స్ మైదానం మ్యూజియంలో ఒక చచ్చిన పిచ్చుకను దాచిపెట్టారు. క్రికెట్ బంతి మీద నిలబెట్టి ఉంటుంది. 1936లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ తరఫున జహంగీర్ ఖాన్ వేసిన బంతి తగిలి ఆ పిచ్చుక చనిపోయింది. 1932లో సి.కె. నాయుడు కెప్టెన్సీలో మన మొదటి టెస్టు ఆడిన జహంగీర్ ఖానే ఆయన. అదే మ్యూజియంలో యాషెస్ చెంబు ఉంది. ఇంగ్లండు, ఆస్ట్రేలియా వందేళ్ళకు పైగా కొట్టుకుంటున్నది ఆ పేరు మీదే. ఎత్తు చూస్తే నాలుగు అంగుళాలు కాస్త పైన, మట్టి చెంబు. కింద రాత లేకపోతే మొదటిది చెత్తబుట్టలోకి, రెండోది సాంబ్రాణి కడ్డీలు గుచ్చడానికి పోతుంది. రాత ఉండబట్టి జనం టికెట్ కొని చూస్తున్నారు. మన ఇంటి కప్పుకు కూడా ఆ రాత ఒక్కటే తక్కువ.

ఆటలు మన ఇళ్ళలోకి ఎట్లా వచ్చాయో పిల్లలకు తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. నెల్లూరు, చిత్తూరు వైపుల నుంచి మన పెద్దలు పెరంబూరు, అరక్కోణం, జోలార్‌పేట, పొన్మలై లాంటి రైల్వే ఊళ్ళకు వచ్చి చేరినప్పుడు వాళ్ళకు పొలం లేదు, సొంత వీధి లేదు, గుడి దగ్గర పలుకుబడి లేదు. ఉన్నది క్వార్టర్సు, షిఫ్టు, సైరన్. సాయంత్రం పోవడానికి రైల్వే ఇన్‌స్టిట్యూటు. అక్కడ క్యారమ్ బోర్డు, బిలియర్డ్స్ బల్ల, బయట బాల్ బ్యాడ్మింటన్ కోర్టు. ఆట బాగా వచ్చినవాడికి డివిజన్ టీము, ఆ మీద జోనల్ టీము, బయట ఊళ్ళకు పాసు, డ్యూటీలో సర్దుబాటు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం దొరికి మూడు తరాలు నిలబడిన ఇళ్ళు మనలో ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు. సింధు అమ్మానాన్నలు ఇద్దరూ వాలీబాల్ ఆటగాళ్ళే, ఇద్దరూ రైల్వే ఉద్యోగులే. తండ్రి పి.వి. రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆడినాయన. అంత పెద్ద పేరు అందరికీ రాదు. కానీ ఆ కోర్టు, ఆ పాసు, ఆ సాయంత్రం మన ఇళ్ళన్నిటికీ ఒకటే.

బాల్ బ్యాడ్మింటన్ అన్నాము కదా. ఇప్పటి పిల్లలకు షటిల్ తప్ప తెలియదు. ఇది ఉన్ని బంతితో ఆడేది, పసుపు రంగు, నిమ్మకాయ కన్నా కొంచెం పెద్దది. ఒక్కో వైపు అయిదుగురు. తంజావూరు రాజకుటుంబంలో మొదలైన ఆట అని చెబుతారు. ఎక్కువగా ఆరుబయట ఆడేది, గాలి ఎటు తిరిగితే బంతి అటు తిరుగుతుంది. మా నాయన వెనక వరసలో ఆడేవారు. ముందు వరసవాడు కొడితే చప్పట్లు, వెనక వరసవాడు వంద బంతులు ఎత్తి ఇస్తే ఎవరూ చూడరు, అది ఆ ఆట లక్షణం. ఆయనది ఒక బంతి మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఉన్ని రేగి, రంగు వెలిసి, చూస్తే కోడిపిల్ల మాదిరి ఉంటుంది. మా మనవడు దాన్ని మొదటిసారి చూసి టెన్నిస్ బంతి చెడిపోయిందా అన్నాడు. ఇప్పుడు దాన్ని గాజు సీసాలో పెట్టి, పక్కన ఆయన ఫోటో పెట్టి, కింద తెలుగులో రెండు వరసలు రాసి ఉంచాము. వచ్చినవాళ్ళు అందరూ ముందు దాన్నే అడుగుతారు. తాజ్‌మహల్ గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఆ రెండు వరసల్లో ఏం రాయాలి అనే దగ్గరే అసలు విషయం ఉంది. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం. తిరుక్కురళ్ బళ్ళో నోటికి వచ్చింది, తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ పలక మీద నేర్పింది. తమిళం మాకు అన్నం పెట్టిన భాష, దాని మీద ఒక మాట అనము, అననీయము. అయితే బళ్ళో పేరు రాసుకునేటప్పుడు ఇక్కడి పద్ధతి వేరు. తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియల్, తర్వాత పేరు, అంతే. ఇంటిపేరుకు ఆ రిజిస్టరులో గడి లేదు. శ్రీనివాసులు శ్రీనివాసన్ అవుతాడు, రామయ్య రామన్ అవుతాడు. ఎవరూ బలవంతం చేయలేదు, రాసే అయ్యవారికి అట్లా అలవాటు, మన పెద్దలకు అడగాలనే ఆలోచన లేదు. ఆ పేరే సర్టిఫికెట్టు మీదికి, కప్పు మీదికి, టీము ఫోటో కింది వరసలోకి ఎక్కింది. మీ ఇంట్లో 1970 ప్రాంతం షీల్డు ఒకటి తీసి చూడండి. అది తెలుగు ఇంటిది అనే గుర్తు దాని మీద ఒక్కటి కనిపించదు.

పెద్దవాళ్ళ పేర్లలో కూడా ఇదే వరస. సి.కె. నాయుడు అంటే ఇండియా మొదటి టెస్టు కెప్టెన్ అని అందరికీ తెలుసు. 1926లో బొంబాయి జింఖానా మైదానంలో ఎం.సి.సి. మీద 153 కొట్టి, అందులో 11 సిక్సర్లు బాది, వాళ్ళ చేత వెండి బ్యాటు బహుమానం పొందిన మనిషి. నాగపూరులో పుట్టారు, తెలుగు మూలాలున్న కుటుంబం. మహారాష్ట్ర సభ్యులు ఈ మాట మా కన్నా బాగా చెప్పగలరు. సి అంటే కొఠారి, కె అంటే కనకయ్య. ఈ రెండూ చెప్పగలవాళ్ళు మన పిల్లల్లో ఎంతమంది?

మద్రాసు సంగతి ఇంకా దగ్గరిది. దక్షిణాది క్రికెట్ పితామహుడు అని పిలిచే బుచ్చిబాబు నాయుడు మైలాపూరు లజ్ హౌస్‌లో ఉండేవారు. చేపాక్‌లో తెల్లవాళ్ళు పెవిలియన్‌లో భోంచేస్తూ ఉంటే మనవాళ్ళు చెట్టు కింద తినాల్సి వచ్చేదని, ఆ రోషంతోనే 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టారని చెబుతారు. తెల్లవాళ్ళకూ మనవాళ్ళకూ ప్రెసిడెన్సీ మ్యాచ్ కుదిర్చింది కూడా ఆయనే. 1908లో ఆ మొదటి మ్యాచ్ చూడకుండానే కన్నుమూశారు. ఆయన కొడుకు సి. రామస్వామి టెన్నిస్‌లో డేవిస్ కప్ ఆడి, 40 ఏళ్ళ వయసులో 1936లో మాంచెస్టర్ టెస్టు ఆడి 40, 60 కొట్టారు. సి అంటే కోట. తండ్రికి ఒక ఇంటిపేరు, కొడుకుకు ఒకటి ఎందుకంటే దత్తు పోయారు. ఆ ఒక్క అక్షరం వెనక ఇంత సంసారం ఉంది.

నిన్నమొన్నటి మాట చూడండి. 2024 డిసెంబరు 12న సింగపూరులో డింగ్ లిరెన్‌ను ఓడించి 18 ఏళ్ళకే చదరంగంలో ప్రపంచ ఛాంపియన్ అయిన గుకేశ్ చెన్నైలో పుట్టి పెరిగిన పిల్లవాడు, తెలుగు కుటుంబం. గెలిచిన రాత్రే వాడు మావాడా మీవాడా అని ఫోన్లలో గొడవ మొదలైంది. మాకు ఆ గొడవ నచ్చలేదు. మన ఇళ్ళలో పుట్టిన ఏ పిల్లవాడైనా రెండు వైపుల వాడే, అందులో తగవు ఏముంది? తగవు పడినవాళ్ళు డి. గుకేశ్‌లో డి అంటే దొమ్మరాజు అని ఆ రోజే నేర్చుకున్నారు, అది మాత్రం లాభం. కానీ ప్రపంచ ఛాంపియన్ అయితేనే ఇంటిపేరు బయటికి రావాలా? డివిజన్ టీములో వెనక వరస ఆడినవాడికి ఎవరు విప్పి చెబుతారు ఇనీషియల్? వాడి ఇంటి గోడే చెప్పాలి, వేరే దిక్కు లేదు.

ఇంకో మాట ఆడపిల్లల గురించి. ఇది కొంచెం కోపంతోనే రాస్తున్నాము. మా అక్క రింగు టెన్నిస్ ఆడేది. తమిళనాడు బళ్ళలో ఆ కాలంలో ఆడపిల్లలకు అదే పెద్ద ఆట. రబ్బరు చక్రం పట్టుకోవడం, పట్టుకున్న చేత్తోనే వెంటనే తిప్పి వేయడం. జిల్లా స్థాయిలో రెండుసార్లు మొదటి బహుమతి తెచ్చింది. పెళ్ళయి పోయేటప్పుడు పెట్టెలో చీరలు పోయాయి, గిన్నెలు పోయాయి, మెడళ్ళు పోలేదు. పుట్టింటి షోకేసులో ఉండిపోయాయి. అక్కడ మెట్టినింట ఆమె కోడలు, తర్వాత అత్త, ఇప్పుడు అవ్వ. ఆమె ఆడేది అని ఆ ఇంట్లో ముగ్గురికి కూడా తెలియదు. పుట్టింట్లో ఉన్న మెడళ్ళు చూసి ఆ ఇంటి కోడళ్ళు ఇవి ఎవరివి అంటారు. సర్టిఫికెట్టులో తండ్రి ఇనీషియల్, రేషన్ కార్డులో భర్త ఇనీషియల్, రెండూ ఒక మనిషే అని కలిపి చూపే కాగితం ఎక్కడా లేదు. పోయిన ఏడు వాటిని తీసుకొనిపోయి అక్క ఇంటి హాల్లో మేమే మేకు కొట్టి తగిలిస్తిమి. బావగారు మేకు పట్టుకున్నారు. "ఇదంతా ఇప్పుడెందుకురా" అనింది అక్క. అన్నా కూడా కుర్చీలో కూర్చుని, ఎడమ పక్కది కొంచెం పైకి జరపమని చెప్పింది.

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు కరణం మల్లీశ్వరి పేరు ఇంటిపేరుతో సహా లోకమంతా చదివింది. పి.వి. సింధులో పి అంటే పూసర్ల. మన అక్కచెల్లెళ్ళకు ఆ అదృష్టం లేదు, రిజిస్టరు వేరు కాబట్టి. అయినా గోడ మనదే కదా. కోడలుగా వచ్చిన పిల్ల మెడలు ఏ ఇంట్లో తగిలించాలి అని అడిగితే, ఆమె ఉండే ఇంట్లో అని మా జవాబు. పుట్టింటివాళ్ళు ఒక ఫోటో తీసి పెట్టుకోవచ్చు.

తగిలించడంలో కొంత పద్ధతి ఉంది. గుమాస్తా బుద్ధితో చూసి నేర్చుకున్నది చెబుతాము. పాత ఫోటోలను, సర్టిఫికెట్లను లామినేషన్ చేయించకండి. వేడికి ఒకసారి అంటుకుంటే మళ్ళీ ఊడదు, లోపల తేమ చేరితే కాగితం అక్కడే చెడుతుంది. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం ఫోటోకు తగలకుండా మధ్యలో అట్ట చట్రం వేయమని అడగండి. కొందరు డబ్బు మిగులుతుందని అది వేయరు, రెండు వానాకాలాలు పోయాక ఫోటో అద్దానికి అంటుకుపోతుంది. ఎండ నేరుగా పడే గోడ వద్దు, బయటి నుంచి చెమ్మ ఎక్కే గోడ వద్దు. పేపరు కటింగు అయితే అసలుది కవరులో దాచి, కాపీ గోడకు పెట్టండి. పత్రికల కాగితం వెలుగుకు పచ్చబడి పొడి అవుతుంది. వెండి పూత కప్పును పీతాంబరి పొడితో బరబరా తోమకండి, పూత పోయి లోపలి ఇత్తడి బయటపడుతుంది. మెత్తని గుడ్డతో తుడవండి, కొంచెం నల్లగా ఉంటే ఉండనీయండి. కర్రలకు చెద చూడండి, ఉన్నికి చిమ్మెట చూడండి, సీసాలో ఒక నాఫ్తలీన్ ఉండ వేస్తే చాలు. పిల్లలు ఇప్పుడు పోయే మ్యాచ్‌ల టికెట్లు కూడా దాచాలి. బిల్లు మాదిరి కాగితం మీద అచ్చు వేసినవి కొన్నాళ్ళకు తెల్లకాగితం అవుతాయి, తెచ్చిన రోజే ఫోటో తీసి ఉంచండి. మా రైల్వే పాత అట్ట టికెట్లు ఎప్పటివో ఇప్పటికీ చదవగలము, ఆ గొప్ప మాకు ఉంది.

టికెట్ అంటే గుర్తొచ్చింది. 1986 సెప్టెంబరులో చేపాక్‌లో ఇండియా, ఆస్ట్రేలియా టెస్టు టై అయింది కదా. గెలవడానికి 348 కావాలి, 347కి చివరి వికెట్ పడింది. మణీందర్‌కు వేలెత్తిన అంపైరు విక్రంరాజు. మా పెద్దన్న ఆఖరి రోజు అక్కడ ఉన్నాడు, సోమవారం, సెలవు పెట్టి మరీ పోయినాడు. ఆ టికెట్ ముక్క వెనక పెన్సిల్‌తో ఒక వరస రాసి పెట్టినాడు. మాటలు తెలుగు, అక్షరాలు తమిళం, మా తరంలో చాలామందికి అంతే వచ్చు. తమిళంలో క కు గ కు ఒకటే అక్షరం. "గెలవలేదు, ఓడలేదు" అని ఆయన రాసినది మా మనవడు "కెలవలేదు" అని చదివి, ఏమిటి తాతా కెలకలేదు అని అడిగినాడు. ఇల్లంతా నవ్వితిమి. నవ్వి, ఆ టికెట్ కింద తెలుగు అక్షరాల్లో ఆ మాట మళ్ళీ రాసి పెట్టితిమి. మనవడు గ కు క కు తేడా చూసి చదివిన మొదటి తెలుగు వాక్యం అదే. వాచకం తెరిస్తే ఆవలించే పిల్లవాడు, గోడ మీద ఉన్నదాన్ని రోజూ సోఫా ఎక్కి చదువుతున్నాడు. బడిలో తెలుగు దొరకడం మన ఊళ్ళలో ఎంత కష్టమైపోయిందో సభ్యులకు కొత్తగా చెప్పనక్కరలేదు. హాలు గోడకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

దీనికి ఎదురు మాటలు విన్నాము. ఒకరు, ఇది డంబం కాదా అన్నారు. బీరువాలో నగలు చూపిస్తే డంబం. అరవై ఏళ్ళ కింద వెనక వరసలో ఆడిన మనిషి ఉన్ని బంతి చూపిస్తే ఎవరికి అసూయ పుడుతుంది? ఇంకొకరు, ఫ్లాటులో చోటెక్కడ, పైగా అద్దె ఇల్లు, మేకు కొడితే ఓనరు ఒప్పుకోడు అన్నారు. ఇది న్యాయమైన మాట. అట్లాంటివాళ్ళు గది మొత్తం చేయనక్కరలేదు, ఫ్రిజ్ పైన ఒక జానెడు చోటు చాలు, ఒక్క వస్తువు, ఒక్క చీటీ. మూడోది, పిల్లలకు వాళ్ళ హీరోలే ఇష్టం, ముసలివాళ్ళ ఫోటోలు పెడితే ఆ గదిలోకే రారు అని. రానీయకుండా ఎవరు చేస్తున్నారు? జెర్సీ తీసేయమని మేము అనలేదు. జెర్సీ పక్కన తాత కర్ర పెట్టండి అంటున్నాము. ఆ గృహప్రవేశం పిల్లవాడికి కూడా ఇదే చెప్పితిమి. అటక మీది ఫోటో దించి, వెనక వరసలో ఎడమ నుంచి నాలుగో ఆయన మీ తాత, పక్కన ఉన్నది ఫలానా వీధి ఆయన అని మాకు తెలిసినంత వరకు పేర్లు చెప్పి రాయించితిమి. పదకొండు మందిలో ఏడుగురి పేర్లు దొరికాయి. మిగతా నలుగురు ఎవరో చెప్పగలిగేవాళ్ళు పదేళ్ళ కింద ఉన్నారు.

చివరగా మన సంఘం మాట. ఉగాది ఆటల పోటీలకు మనం ఇచ్చే కప్పులు చూడండి. పైన దాత పేరు పెద్ద అక్షరాల్లో, ఇంగ్లీషులో. కింద "ఫస్ట్ ప్రైజ్". గెలిచిన పిల్ల పేరు ఎక్కడా లేదు. దాతలు మంచివాళ్ళు, వాళ్ళ పేరు ఉండాలి, కాదనము. అయితే ఇరవై ఏళ్ళ తర్వాత ఆ కప్పు ఆ ఇంటి షోకేసులో ఎవరి కప్పుగా నిలుస్తుంది? దాత కప్పుగా. పరుగు పందెంలో గెలిచిన పిల్ల అందులో లేదు. పోటీ అయ్యాకే గెలిచినవాళ్ళు తెలుస్తారు, ముందే పేరు ఎట్లా చెక్కించేది అని కమిటీవాళ్ళు అంటారు. చెక్కించవద్దు. ఖాళీ పలక ఉన్న కప్పులు తెప్పించండి, పేరు చీటీ ఆ రోజు సాయంత్రమే రాసి అంటించవచ్చు. ఇంటిపేరు, పేరు, ఆట, సంవత్సరం, తెలుగులో. దాత పేరు అడుగున.

రాసే పని మేము చేస్తాము. చేతిరాత ఇంకా వణకడం లేదు. ఈసారి పోటీలకు పేర్లు ఇచ్చేటప్పుడు ఇనీషియల్ ఒక్కటే ఇయ్యకుండా పిల్లల ఇంటిపేరు పూర్తిగా రాసి ఇయ్యండి. తెలుగు రాయడం రాకపోతే తమిళంలోనో కన్నడంలోనో రాయండి, ఫోను చేసి ఎట్లా పలకాలో అడిగి మేము తెలుగులో ఎత్తి రాసుకుంటాము. ఇంటిపేరు ఏమిటో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు అనేవాళ్ళు కూడా కొందరు ఉంటారు, మొహమాటపడకండి. వాళ్ళు మీ అవ్వ పుట్టిన ఊరు, తాత పనిచేసిన షాపు పేరు చెప్పండి చాలు. ఆ ఊరివాళ్ళు మన సంఘంలో ఎవరో ఒకరు ఉంటారు, కనుక్కుందాము.